తీగ సాగని కప్పు

పాల కేంద్రంలో ఆమెను అందరూ తీగక్క అంటారు. జీతం కాగితం మీద వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు. పనిచేసేది తోడు గదిలో. పాలను పెరుగు చేసే తోడును రోజూ బతికించి, పెంచి, పెద్ద ట్యాంకులోకి పంపడం ఆమె ఉద్యోగం. ఇంట్లో పెరుగు తీగలు సాగితే ముక్కు చిట్లించి పారబోస్తాం కదా, ఇక్కడ లెక్క తిరగబడింది. తీగ సాగకపోతేనే పారబోత. పొద్దున్నే తోడు గిన్నెలో గాజు పుల్ల ముంచి మెల్లగా పైకి లేపుతుంది. పుల్ల, వెనక గోడకు అతికించిన పలకల మధ్య రెండో గీత ఎత్తుకు లేచేవరకు కింద సన్నటి దారం తెగకూడదు. తెగకపోతే ఆ రోజుకు ఊపిరి పీల్చుకుంటుంది.

ఊపిరి పీల్చుకోవడం అని ఊరికే అనలేదు. అంత పిరికి మనిషి వెతికినా దొరకదు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతుంది. గ్యాస్ కట్టేశానా అని వీధి మలుపు నుంచి వెనక్కి వస్తుంది. వచ్చి చూసుకుని వెళ్ళి, తలుపు తాళం వేశానా అని మళ్ళీ వస్తుంది. ఫోన్ మోగితే ముందు "ఎవరికేమైంది?" అని అడిగి, తరవాత "హలో" అంటుంది. లిఫ్టు ఎక్కమంటే మెట్లున్నాయిగా అంటుంది.

ఆ భయమే ఆమెకు అన్నం పెట్టింది. పెళ్ళయిన కొత్తలో కప్పులు కడిగే పనికి చేరింది. కడిగిన కప్పునల్లా కిటికీ వెలుతురుకు పట్టి, మళ్ళీ మళ్ళీ తిప్పి చూసేది. తోటివాళ్ళు విసుక్కునేవారు. తోడు గది చూసుకునే పెద్దాయన మాత్రం అది గమనించి, "ఈ అమ్మాయికి భయమెక్కువ. నాకిలాంటి మనిషే కావాలి" అని లోపలికి పిలిచాడు. అప్పట్నుంచీ అదే గది. తలకు టోపీ, కాళ్ళకు తెల్ల బూట్లు, ఫోనూ సంచీ బయట అరలో.

భర్త చక్కెర మిల్లులో ఫిట్టరు. ఆయన పని కూడా తీగతోనే, కాకపోతే శత్రుత్వం. చెరకు రసం కాస్త నిలవ ఉంటే చాలు, జిగురు పట్టి, జాలీలు మూసుకుపోయి మిల్లు ఆగిపోతుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ జిగురు గీకడంతోనే ఆయన నడుము వంగింది. "నువ్వు పెంచుతావు, నేను కడుగుతాను. మనిద్దరికీ ఎలా కుదిరిందో" అని నవ్వుతాడు.

అది వట్టి సరదా మాట కాదని పాల కేంద్రానికి కొత్తగా వచ్చిన మేనేజరు చెప్పింది. చిన్న వయసులోనే పెద్ద చదువు చదివిన అమ్మాయి. ఒకరోజు టీ తాగుతూ తీగక్కకు విడమరిచింది. "ఈ బ్యాక్టీరియాలన్నీ పాలల్లో చక్కెర తిని పులుపు చేస్తాయక్కా. మనవి ఇంకో పని కూడా చేస్తాయి. చక్కెర పూసల్ని ఒకదాని వెనక ఒకటి గుచ్చి, పొడుగాటి దండలల్లి ఒంటి బయటికి వదుల్తాయి. నాలుగైదు పూసల వరస, పక్కన ఒక చిన్న కొమ్మ, మళ్ళీ అదే వరస, మళ్ళీ అదే కొమ్మ. వేలసార్లు అలాగే. ఆ దండలు ఒకదానికొకటి చుట్టుకుని నీళ్ళను పట్టేసుకుంటాయి. పుస్తకాల్లో పాలీశాకరైడ్ అంటారు, మీరు తీగ అంటారు. మీ ఆయన గీకేదీ ఈ జాతిదే, పూసలు గుచ్చే తీరు వేరు. దాన్నే శుభ్రం చేసి, రక్తం బాగా పోయినవాళ్ళకు సీసాలతో ఎక్కించిన రోజులున్నాయి. రొట్టె మెత్తగా ఉండాలన్నా, ఐస్‌క్రీం నోట్లో ఇసకలా తగలకూడదన్నా ఇవే."

తీగక్క ఆ సాయంత్రం భర్తకు ఇదంతా చెబితే, "అయితే నేనిన్నాళ్ళూ మందు గీకి పారేస్తున్నానన్నమాట" అన్నాడు ఆయన.

ఇక అత్తగారు. ఆమె ఒకప్పుడు బస్సు కండక్టరు. వెనక సీట్లోంచి కేకేస్తే డ్రైవరు బ్రేకు మీద కాలేసేవాడట. తాగి ఎక్కినవాళ్ళను కాలరు పట్టి దింపిన మనిషి. కోడలి భయం చూసి ఆమె కడుపుబ్బ నవ్వేది. "మేఘం ఉరిమితే మంచం కింద దూరే పిల్లను తెచ్చావురా" అని కొడుకును ఏడిపించేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట నెమ్మదించింది. అన్నిటికంటే మించి, గొంతు మాట వినడం మానేసింది. నీళ్ళు తాగితే అవి కడుపులోకి వెళ్ళాలో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాలో గొంతుకు తెలిసేలోపే జారిపోతాయి.

అలాంటివాళ్ళకు చిక్కటివే పెట్టాలి. చిక్కనిది నెమ్మదిగా జారుతుంది, గొంతుకు తలుపు వేసుకునే వ్యవధి ఇస్తుంది. పిండి కలిపి చిక్కబరిచినవి ఉన్నాయి గానీ, ఎంగిలి తగలగానే పిండి కరిగి నోట్లోనే పల్చబడుతుంది. తీగ అలా కాదు. ఎంగిలి దాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే ఆస్పత్రిలో మింగడం రానివాళ్ళ వార్డుకు రోజూ సాయంత్రం ఈ కప్పులు వెళ్తాయి. మర్నాడు పొద్దున వాటిని బాగా కలిపి చెంచాతో పెడతారు. తీగక్క సంచిలోనూ రోజూ ఒక కప్పు ఇంటికి వస్తుంది. అత్తగారి పొద్దుటి ఆకలికి అదే ఆధారం.

ఇప్పుడు తప్పు సంగతి చెప్పాలి. అసలు తోడు డీప్ ఫ్రీజరులో చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టి ఉంటుంది. ఒక గొట్టం కరిగించి పాలల్లో వేస్తే నిద్రలేస్తుంది. దాంట్లోంచి కాస్త రేపటికి, రేపటిదాంట్లోంచి ఎల్లుండికి. కొన్నాళ్ళు అలా నడిపాక పాతది పారేసి కొత్త గొట్టం తెరవాలి. పెద్దాయన నేర్పిన పద్ధతి అది. రోజూ దాంట్లోంచి దీంట్లోకి మారుస్తూ పోతే కొన్ని జీవాలు దండలల్లే విద్యను ఎక్కడో జారవిడుచుకుంటాయి. అల్లే శ్రమ లేదు కాబట్టి అవే గబగబా పెరిగి మిగతావాటిని తొక్కేస్తాయి. పులుపు మాత్రం ఎప్పటిలాగే చేస్తాయి.

పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఆయన నింపి పెట్టిన గొట్టాలు తగ్గుతూ వచ్చి, డబ్బా అడుగు కనిపించడం మొదలైంది. మూత తీసినప్పుడల్లా తీగక్క గుండె గుభేలుమనేది. ఇవీ అయిపోతే? మేనేజరును అడగొచ్చు. అడిగితే "ఇంతదాకా వచ్చేవరకు ఏం చేస్తున్నారు?" అంటుందేమోనని భయం. చెప్పకుండా ముందుకు పోనూ లేక, చెప్పి నిలబడనూ లేక, గొట్టం తెరవడం వాయిదా వేసింది. ఇవాళ్టి తోడే రేపటికి, రేపటిదే ఎల్లుండికి. జాగ్రత్త పడుతున్నాననే అనుకుంది పాపం.

దారం పొట్టిదవడం మొదలైంది. ఒకరోజు రెండో గీత అందలేదు. పాలు మారాయేమోలే అనుకుంది. ఇంకోరోజు ఒకటో గీత దగ్గరే తెగింది. గది చల్లగా ఉంది కదా అనుకుంది. ఆ తరవాత చెయ్యకూడని పని చేసింది. పుల్ల ముంచడం మానేసింది. కప్పు తలకిందులు చేసి, పెరుగు కదలకుండా నిలబడితే సరే అని పంపేసింది. ఇక్కడ ఆమెను వెనకేసుకురావడానికి వీల్లేదు. పులుపుంటే చాలు, పెరుగు గడ్డకడుతుంది, కదపనంతసేపూ రాయిలా నిలబడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. చూస్తే ఏం కనిపిస్తుందోనన్న భయంతో చూడటమే మానుకుంది. తోటివాళ్ళు మాత్రం తీగక్క పంపిందంటే తిరుగులేదని నమ్మారు.

ఆ పొద్దున ఇంట్లో అత్తగారి జుట్టు దువ్వి, "స్నానమయ్యాక బాగా కలిపి పెట్టండి" అని భర్తకు అప్పగించి పనికొచ్చింది. ఏ రోజు సరుకులోంచి ఆ రోజు ఒక కప్పు తీసి దాస్తారు. మర్నాడు దాన్ని కలిపి చూడాలి, కొన్నాళ్ళుగా ఆమె అదీ ఎగ్గొడుతోంది. నిన్నటి కప్పు ఎదురుగా ఉంది. కాసేపు దానికేసి చూసి, ఇక తప్పదన్నట్టు మూత లాగి చెంచా తిప్పింది.

చెంచా తగలగానే పెరుగు ముక్కలు ముక్కలైంది. మళ్ళీ తిప్పింది. చుట్టూ పసుపుపచ్చ నీళ్ళు ఊరాయి. చెంచా ఎత్తితే టపటపా బొట్లు రాలాయి. దారం అనే మాటే లేదు.

ఈ సరుకే నిన్న సాయంత్రం వార్డుకు వెళ్ళింది. ఇందులోదే ఒక కప్పు ఇంట్లో ఫ్రిజ్ పై అరలో తన చేత్తో పెట్టింది. వార్డులోనూ ఇంట్లోనూ పెట్టే వేళ ఇదే. బాగా కలిపి పెట్టమని అందరికీ చెప్పింది తనే.

గోడకు ఒక ఫోనుంది. వార్డుదీ ఇంటిదీ, రెండు నంబర్లూ నోటికొచ్చు. మేనేజరు ఇంకా రాలేదు. తీగక్క రిసీవరు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళముందు అత్తగారి వంకరపోయిన నోరు, పక్షిపిల్లలా తెరుచుకుని, కనిపించింది. వేలు వార్డు నంబరు నొక్కింది. ఎందుకలా నొక్కిందో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకే తెలియలేదు.

"సిస్టరుగారూ, నిన్నటి కప్పులు పెట్టకండి. పల్చగా ఉన్నాయి. ఒక్కటి కూడా పెట్టకండి."

అవతల సిస్టరు ఎవరినో కేకేసింది. "కొన్ని మంచాల పక్కన కప్పులు ఇప్పుడే ఉంచి వచ్చాం. ఆగండి, తీయిస్తాను. ఫోన్ పెట్టేయొద్దు, ఎన్ని పంపారో మీరే సరిచూసి చెప్పాలి."

రిసీవరులోంచి చెప్పుల పరుగు, ట్రాలీ చక్రాల కీచు, చెంచాల గలగల వినిపించాయి. ఎవరో దగ్గారు. తీగక్క పైప్రాణాలు పైనే పోయాయి. ఆ దగ్గు ఆగింది. మళ్ళీ ఎవరో. ఫోను పెట్టేసి ఇంటికి చెయ్యమని ఒళ్ళంతా అరుస్తోంది. పెట్టేస్తే ఒక కప్పు ఏ తలగడ పక్కనో మిగిలిపోతే? గోడకు నుదురు ఆనించి, "అత్తయ్యా, కాస్త ఆగు, కాస్త ఆగు" అని గొణుక్కుంటూ అలాగే ఉంది. చివరికి సిస్టరు వచ్చింది. లెక్క సరిపోయింది. ఎవరి నోటికీ అందలేదు.

ఇంటికి చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

మేనేజరు లోపలికొచ్చేసరికి తీగక్క టోపీ పీకేసి, బూట్లతోనే గుమ్మం దాటుతోంది.

"అక్కా, ఏంటిలా ఉన్నారు?"

"తీగ పోయింది మేడమ్. మా అత్తయ్య తినేస్తుంది."

ఆ అమ్మాయి వెంటనే కారు తీసింది. దారిలో తీగక్క అంతా చెప్పేసింది, గొట్టాల సంగతి, పుల్ల ముంచకపోవడం, అన్నీ. వింటున్న మేనేజరు ముఖం పాలిపోయింది. ఎర్ర దీపం పడ్డ ప్రతిచోటా తీగక్క తలుపు గడి మీద చెయ్యి వేసింది, దిగి పరిగెత్తుదామని.

ఇల్లు మూడో అంతస్తు. దగ్గు రెండో అంతస్తు దగ్గరే వినిపించింది. దగ్గు వినిపిస్తోందంటే ఊపిరి ఉందన్నమాట, ఆ మెట్ల మీద ఆమె దేనికైనా సంతోషించిందంటే దానికే. తలుపు తీసే ఉంది. భర్త తల్లిని ముందుకు వంచి పట్టుకుని, రెండో చేత్తో వీపు నిమురుతున్నాడు. పక్కన బల్ల మీద ఫోను. ఎత్తడానికి ఆయనకు మూడో చెయ్యి లేదు.

"రెండు చెంచాలే పెట్టాను. రోజూలాగే కలిపాను. ఏమైందో నాకర్థం కావట్లేదు" అన్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ముసలామె పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు పెద్దవై కోడలి మీద నిలిచాయి. కాసేపటికి దగ్గు తగ్గింది, పెదాలకు కాస్త రంగొచ్చింది. ఏదో అనబోయింది. మాటతోపాటు గుడగుడమని నీళ్ళ చప్పుడు వచ్చింది, గొంతులో ఎవరో పుక్కిలిస్తున్నట్టు. ఆ చప్పుడంటే నీళ్ళు దారి తప్పాయనేనని తీగక్కకు తెలుసు.

ఆస్పత్రిలో డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. "కొంచెం లోపలికి వెళ్ళింది. జ్వరం వస్తుందో రాదో చూడాలి" అన్నాడు. వచ్చింది. మంచం అదే వార్డులో దొరికింది, మింగడం రానివాళ్ళ మధ్య. ముక్కులోంచి గొట్టం వేశారు, చేతికి సూది పెట్టారు. తీగక్క మంచం పక్కన కూర్చుని ఛాతీ లేచి దిగడం చూస్తూ ఉండేది. అది లేచాక దిగేలోపు ఆమె ఊపిరి కూడా ఆగేది. చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్ళు, వాళ్ళ బంధువులు, ఈమె ఎవరో తెలియక "మీ అత్తగారికి తగ్గిపోతుందమ్మా" అని ధైర్యం చెప్పేవారు. వాళ్ళ ముఖాల్లోకి చూడలేక తల వంచుకునేది.

నడవాలో బెంచీ మీద భర్తకు చెప్పింది. చెప్పకపోతే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"నేను ముందు ఇక్కడికి చేశానండీ. ఫోను. మనింటికి తరవాత చేశాను."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎంత తరవాత?"

"కప్పులన్నీ దొరికేదాకా. ముందు మీకు చేసుంటే..."

ఆయన లేచి కుళాయి దగ్గరకెళ్ళి, చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. తిరిగొచ్చి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని తీగక్కకు అనిపించింది. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. టిఫిను డబ్బా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళేవాడు.

పాల కేంద్రంలో మేనేజరు ఆమెను ఫ్రీజరు దగ్గరకు పిలిచి డబ్బా తెరిపించింది. "ఒక్క గొట్టం పెంచి, మళ్ళీ చిన్న గొట్టాల్లో పోసి గడ్డకట్టిస్తే ఇలాంటి డబ్బాలు ఎన్నైనా నిండుతాయక్కా. ఒక్క మాట అడిగి ఉండాల్సింది." డబ్బా మూత పెడుతూ, "మీరున్నారు కదా అని నేనూ ఎప్పుడూ లోపలికి తొంగి చూడలేదు. ఇకమీదట ఇద్దరం కలిసి చూద్దాం" అంది. ఆమె భయపడి దాచుకున్నది ఒక్క పూట పనితో తీరేదన్నమాట. ఆ మాట తిట్టుకంటే లోతుగా దిగింది. కొత్త గొట్టం తోడు లేచాక ఇద్దరూ నిలబడి పుల్ల ముంచారు. దారం రెండో గీత దాటి వచ్చింది. తీగక్క మళ్ళీ ముంచమంది, మళ్ళీ లేపమంది, మేనేజరు చెయ్యి నొప్పెట్టేదాకా.

జ్వరం దిగింది. ముక్కులో గొట్టం తీసేశారు. డాక్టరు చెంచాతో పెట్టి చూడమన్నాడు. "పెట్టాక మాట్లాడించండి. గొంతు తడిగా వినిపిస్తే ఆపేయాలి" అని సిస్టరుకు చెప్పాడు. సిస్టరు కొత్త కప్పు కలిపి చెంచా అందిస్తే ముసలామె నోరు బిగించుకుంది. కొడుకు పెట్టబోతే ముఖం తిప్పుకుంది. మంచి చెయ్యి లేపి, గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలి వైపు చూపించింది.

"నిన్నే పెట్టమంటోంది" అన్నాడు భర్త. ఇన్నాళ్ళకు అదే మొదటి మాట.

తీగక్క కప్పు అందుకుంది. ఆ కప్పు మంచిదని ఆ వార్డులో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా మళ్ళీ కలిపింది. నీళ్ళు ఊరలేదు. చెంచా ఎత్తింది, కింద దారం దిగింది. చెంచా నోటికి బెత్తెడు దూరం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంక కదలదు. చెయ్యి వణికి, కింద పట్టిన కప్పు అంచుకు చెంచా తగిలి టకటకమంది. కళ్ళముందు నీలం పెదాలే. "నావల్ల కాదత్తయ్యా" అంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. "భయమేస్తోంది. నీకేమన్నా అయితే నేను బతకలేను."

ముసలామె మంచి చేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది. ఒకప్పుడు కాలర్లు పట్టిన చెయ్యి, ఇప్పటికీ అందులో కాస్త బలం ఉంది. ఆ చేతిని, అందులో వణుకుతున్న చెంచాతో సహా, తన నోటి దాకా లాక్కుంది. నోరు మూసింది. గడ్డం దించింది. గొంతు లేచి దిగింది.

తీగక్క ఊపిరి బిగబట్టి దగ్గు కోసం చెవులు రిక్కించింది.

"ఏం... చూస్తావు?" అంది అత్తగారు నెమ్మదిగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఇంకోటి... పెట్టు."

ఏమందో తీగక్కకు చెవికెక్కలేదు, అప్పుడామె విన్నది గొంతు ఒక్కటే. అది పొడిగా, కాస్త బొంగురుగా ఉంది. అందులో నీళ్ళ చప్పుడు లేదు. వణుకు తగ్గని చేత్తోనే ఆమె రెండో చెంచా తీసింది.